సర్కారు మంచాలు మన షెడ్లల్లనే తయారైతయ్, ఆర్డర్ మాత్రం మన పేరు మీద రాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా ఎడిషన్ల లోపలి పేజీల చిన్న చిన్న అక్షరాలతోటి టెండర్ నోటీసులు పడ్తయి కదా, వాటి గురించి ఈ ఉత్తరం రాస్తున్న. కొంచెం పెద్దగనే ఉంటది, వీలైతే కట్ చేయకుంట వేయుండ్రి.

నాది నల్లగొండల స్టీల్ ఫర్నిచర్ పని. మంచాలు, బీరువాలు, స్కూల్ బెంచీలు, ఆఫీసు ర్యాకులు చేస్తం. మా అసొంటి షెడ్లు మిర్యాలగూడల, సూర్యాపేటల, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ దిక్కు శానా ఉన్నయ్. సర్కారు హాస్టళ్ళల్ల, దవాఖానల్ల మీరు చూసే మంచాలు బెంచీలు ఇట్లాంటి షెడ్లల్లనే వెల్డింగ్ అయినవి ఎన్నో ఉంటయ్. గని ఆర్డర్ మా పేరు మీద ఉండదు. ఎవరో పెద్ద సప్లయర్‌కు టెండర్ వస్తది, ఆయన ఇంకొకాయనకు అప్పజెప్తడు, ఆయన మాకు ఫోన్ చేసి రేటు పిండి పిండి మాట్లాడి చేయించుకుంటడు, సరుకు మాది, మనుషులు మనోళ్ళు, బిల్లు మాత్రం వేరేటోళ్ళది, పైసలు అందరి కంటె ఆఖరుకు మాకు వస్తయి, అదీ మూడు నాలుగు సార్లు తిప్పించుకున్నంక.

దీని గురించి నలుగురు కూసున్న కాడ మాట తీస్తే ఒక్కటే జవాబు వస్తది, "పైరవీ లేనిదే టెండర్ రాదు బాబాయ్, మనకెందుకు" అని. పైరవీ లేదని నేను అనట్లే. గని ఆ ఒక్క మాట తోటి మనం లేచి ఇంటికి పోతున్నం, చట్టంల మన అసొంటి చిన్నోళ్ళ కోసమే రాసిపెట్టిన సంగతులు ఉన్నయ్, వాటిని కూడ అడుగుతలేం. అవి ఏందో మనకు తెలుగుల చెప్పినోడు లేడు. టెండర్ పుస్తకం చూస్తే నూరు పేజీలు ఇంగ్లీషుల ఉంటది. నేను కొన్నేండ్ల సంది అడుక్కుంట, చదువుకుంట, తెలిసినోళ్ళ కాడ కూసోని తెలుసుకున్నదాంట్ల ముఖ్యమైన ముచ్చట్లు రాస్త, ఇది చదివినోళ్ళల్ల ఒక్క షెడ్డాయనకు పనికొచ్చినా మంచిదే.

మొదలు తెలుసుకోవాల్సింది ఏందంటే సర్కారు అంటే ఒక్క కొనుగోలుదారు కాదు. కేంద్రం వేరు, రాష్ట్రం వేరు, ప్రభుత్వ కంపెనీలు వేరు, మున్సిపాలిటీలు, యూనివర్సిటీలు వేరు, ఎవల రూల్స్ వాళ్ళయి. మన చుట్టుపక్కలనే చూడుండ్రి. బీబీనగర్ ఎయిమ్స్ కేంద్రానిది. చలకుర్తి నవోదయ, నాగర్‌కర్నూల్ దిక్కు వట్టెం నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు, పోస్టాఫీసులు, బీఎస్ఎన్ఎల్, ఇవన్నీ కేంద్రం కిందికి వస్తయి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ, గురుకులాలు, జిల్లా దవాఖానలు రాష్ట్రానివి. దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్ ప్లాంట్ ఉన్నది, 4000 మెగావాట్లది, దాన్ని కట్టే కాంట్రాక్ట్ బీహెచ్ఈఎల్‌ది, అది కేంద్ర ప్రభుత్వ కంపెనీ, ప్లాంటేమో జెన్‌కోది, అది రాష్ట్రానిది. ఒకే గేటు లోపల రెండు తీర్ల రూల్స్! మనోడు పోయి గేటు కాడ "సార్ ఏమన్న పని ఉందా" అని అడిగితే ఎవరు చెప్తరు, ఏ ఆఫీసు ఏ దారిల కొంటదో మనకే తెల్వకపాయె.

మన దేశంల సర్కారు కొనుగోళ్ళకు మొత్తానికి ఒక్క చట్టం అంటూ లేదు. 2012ల పార్లమెంటుల ఒక బిల్లు పెట్టిండ్రు గని అది పాస్ కాకుంటనే పోయింది. తమిళనాడు, కర్ణాటక వాళ్ళు తమ రాష్ట్రాలకు సొంత చట్టాలు చేసుకున్నరు. కేంద్రం కొనేది జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అనే నియమాల ప్రకారం, ఇప్పుడున్నవి 2017వి, జీఎఫ్ఆర్ అంటరు. సొంతంగ వేరే నియమాలు లేని అటానమస్ సంస్థలకు, అంటే కేంద్రం కింద స్వయంప్రతిపత్తి తోటి నడిచే సంస్థలకు కూడ ఇవే వర్తిస్తయి. అందుకే జీఎఫ్ఆర్ అనే మూడు అక్షరాలు గుర్తుపెట్టుకోవాలె, ఆఫీసర్ తోటి మాట్లాడేటప్పుడు "ఫలానా రూల్ ప్రకారం" అని ఒక్క మాట అన్నమంటె ఆయన మాట తీరే మారుతది, ఇది నేను చూసిన.

ఇంక కొనే దారులు. కేంద్రం ఆఫీసులకు జెమ్ అని ఒక ఆన్‌లైన్ బజారు ఉన్నది, గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, 2016 ఆగస్టు 9న మొదలైంది. అంతకు ముందు ఢిల్లీల డీజీఎస్ అండ్ డీ అనే శాఖ రేట్ కాంట్రాక్టులు, అంటే ఫలానా సరుకు ఫలానా రేటుకు అనే ఒప్పందాలు, ముందే చేసుకొని పెట్టేది, దాన్ని 2017 అక్టోబర్ 31న మూసేసిండ్రు. జీఎఫ్ఆర్ 149వ రూల్ ప్రకారం జెమ్‌ల దొరికే సరుకు ఏదైనా కేంద్ర శాఖలు జెమ్‌లనే కొనాలె. 2024-25ల జెమ్ మీద జరిగిన కొనుగోళ్ళు 5 లక్షల కోట్లు దాటినయ్. ఇంత బజారు నడుస్తుంటె మన పారిశ్రామిక వాడల్ల కూసున్నోళ్ళను అడుగుండ్రి, జెమ్ అంటే ఏందో సగం మందికి తెల్వదు. జెమ్ కాకుంట పెద్ద టెండర్లు సెంట్రల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ల పడ్తయి. రైల్వేకు దాని సొంత పోర్టల్ ఉంది. మన రాష్ట్రానికి తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ఉంది, ఈ పద్ధతి మనకు కొత్తది కూడ కాదు, ఉమ్మడి రాష్ట్రంల 2003లనే మొదలైంది, దాంట్ల టెండర్ వేయాలంటె క్లాస్ త్రీ డిజిటల్ సంతకం కావాలె, పెన్‌డ్రైవ్ లెక్క ఉంటది. దాన్ని ఏ కంప్యూటర్ సెంటర్ల వదిలిపెట్టి రావొద్దు, అది మీ సంతకమే, ఎవరు పెట్టినా మీరు పెట్టినట్టే లెక్క.

ఈ అన్నిటికి ముందు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే మనది చిన్న పరిశ్రమ అని కేంద్ర సర్కారు కాడ నమోదు చేసుకునుడు. ఇక్కడ కొంచెం ఆగి చదవుండ్రి, మనోళ్ళు ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడనే. ఉద్యం 2020 జూలై 1 నుంచి ఉంది, ఆధార్, పాన్ ఉంటె సర్కారు వెబ్‌సైట్ల ఉచితంగ అయితది, ఒక్క రూపాయి లేదు. ఏజెంట్లు దానికి వేలల్ల తీసుకుంటున్నరు, కొన్ని వెబ్‌సైట్లు అచ్చం సర్కారు దాని లెక్కనే కనపడేటట్టు పెట్టి ఫీజు గుంజుతున్నయ్. అది ఒక బాధ. అంతకంటె పెద్ద బాధ, ఫారంల మీ పని ఏందో కోడ్ ఎంచుకునే కాడ నెట్ సెంటర్ పిలగాడు ఏది దొరికితె అది నొక్కుతడు. ఫర్నిచర్ తయారు చేసేటాయనకు "ఫర్నిచర్ అమ్మకం" అని పడ్తది. చూడడానికి రెండూ ఒక్కటే అనిపిస్తది, గని ఆ ఒక్క నొక్కుడుతోటి ఆయన తయారీదారు కాదు, ట్రేడర్, అంటే కొని అమ్మేటాయన, అయిపోయిండు. ట్రేడర్లు ఉద్యంల చేరొచ్చు గని 2021 జూలైల కేంద్రం ఇచ్చిన ఆర్డర్ ప్రకారం వాళ్ళకు బ్యాంకు లోన్ల ప్రాధాన్యత వరకే లాభం. సర్కారు కొనుగోళ్ళల్ల చిన్న పరిశ్రమలకు ఇచ్చే రాయితీలు వాళ్ళకు రావు, బిల్లు ఆలస్యమైతె వడ్డీ అడిగే హక్కు కూడ ఆ రిజిస్ట్రేషన్ తోటి రాదు. అందుకే ఈ ఉత్తరం చదివే ప్రతి షెడ్డాయన, ప్రతి చిన్న ఫ్యాక్టరీ ఆమె, రేపే ఉద్యం సర్టిఫికెట్ తీసి చూడుండ్రి, దాంట్ల మాన్యుఫాక్చరింగ్ అని ఉందా లేదా అని. లేకుంటె అదే వెబ్‌సైట్ల సరి చేసుకోవచ్చు, అది కూడ ఉచితమే. 2025 ఏప్రిల్ 1 నుంచి హద్దులు కూడ పెంచిండ్రు, మెషినరీ మీద పెట్టుబడి రెండున్నర కోట్ల వరకు, టర్నోవర్ 10 కోట్ల వరకు ఉంటె సూక్ష్మ పరిశ్రమనే, పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల వరకు చిన్న పరిశ్రమ. మన జిల్లాలల్ల షెడ్లు దాదాపు అన్నీ దీంట్లనే పడ్తయి.

తయారీదారు అని ఉంటె ఏం వస్తది? ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం, 2006ల వచ్చింది, దాని 11వ సెక్షన్ కింద 2012ల కేంద్రం ఒక ఆర్డర్ తీసింది, సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనే విధానం అని. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు ఏడాదికి కొనేదాంట్ల ఇంత వాటా చిన్నోళ్ళ కాడ కొనాలె అని. మొదలు 20 శాతం ఉండె, 2019 ఏప్రిల్ నుంచి 25 శాతం చేసిండ్రు. ఆ 25ల 4 శాతం ఎస్సీ ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. ఇంక 358 వస్తువులు అయితే చిన్న పరిశ్రమల కాడనే కొనాలని రిజర్వ్ చేసి పెట్టిండ్రు. టెండర్ పత్రాలకు ఫీజు లేదు. ఈఎండీ, అదే టెండర్ తోటి ముందు కట్టే ధరావతు, అది మాఫీ. జీఎఫ్ఆర్ ప్రకారం ఈఎండీ 2 నుంచి 5 శాతం దాకా అడుగొచ్చు, 20 లక్షల టెండర్‌కు లక్ష రూపాయలు ఎక్కడనో ఇరుక్కొని కూసుంటె చిన్న షెడ్డుల ఆ నెల ఇనుము ఎట్ల కొంటం, కూలీలకు ఏం ఇస్తం, అందుకే ఈ మాఫీ చిన్న విషయం కాదు.

అన్నిటికంటె నాకు ముఖ్యం అనిపించేది ధర కాడ ఇచ్చిన వెసులుబాటు. టెండర్ల తక్కువ రేటు వేసినాయనను ఎల్ వన్ అంటరు. ఆ ఎల్ వన్ పెద్ద కంపెనీ అనుకుందాం, ఒక వస్తువుకు 8000 వేసిండు. మన షెడ్డాయన 9000 వేసిండు. మామూలుగ అయితే అక్కడికి మన కథ అయిపోవాలె. గని ఈ విధానం ప్రకారం చిన్నోని రేటు ఎల్ వన్ రేటు మీద 15 శాతం లోపల ఉంటె, అంటే ఇక్కడ 9200 లోపల, "నువ్వు కూడ 8000కు ఇస్తవా" అని ఆఫీసు వాళ్ళు అడగాలె, ఇస్త అంటే మొత్తం ఆర్డర్‌ల 25 శాతానికి తగ్గకుంట ఇవ్వాలె. 200 వస్తువుల ఆర్డర్ అయితే 50 అన్న మనకు వస్తయి. పంచడానికి వీలు కాని వస్తువు అయితే మొత్తం కూడ ఇవ్వొచ్చు. ఒక్క రూపాయి ఎక్కువ వేసి పోగొట్టుకున్నం అని తల పట్టుకొని కూసునేటోళ్ళను ఎందర్నో చూసిన, వాళ్ళకు ఈ 15 శాతం సంగతే తెల్వదు, అడగలే కూడ. టెండర్‌ల "ఎంఎస్ఈ పర్చేజ్ ప్రిఫరెన్స్" అని, అంటే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలు కాడ ప్రాధాన్యత అని, ఒక లైను ఉంటది, దాని పక్కన అవును అని ఉందా లేదా చూసుకోవాలె, టెండర్ వేసేటప్పుడు మనం కూడ ఆ లాభం కావాలని టిక్ పెట్టాలె.

ఒక మాట గట్టిగ చెప్పాలె, ఈ 25 శాతం ఆర్డర్ కేంద్ర శాఖలకు, కేంద్ర కంపెనీలకు. రాష్ట్ర గురుకులానికి పోయి ఇది చూపిస్తే వాళ్ళు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. రాష్ట్ర టెండర్లల్ల ఏం మాఫీ ఉందో ఆ టెండర్ పత్రంలనే చదువుకోవాలె. ఇది తెల్వక కొట్లాడి వచ్చినోళ్ళు ఉన్నరు.

నేత పనోళ్ళకు ఇంకొకటి ఉంది, ఇది అసలు ఎవరు చెప్పకపోవుడు నాకు మస్తు బాధ అనిపిస్తది. జీఎఫ్ఆర్ 153వ రూల్ ప్రకారం కేంద్ర శాఖలు కొనే బట్టల్ల కనీసం 20 శాతం చేనేతవి ఉండాలె, ఖాదీ కమిషన్ కాడనో, సహకార సంఘాలు, సెల్ఫ్ హెల్ప్ గ్రూపుల అసొంటి చేనేత క్లస్టర్ల కాడనో కొనాలె. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గద్వాల, నారాయణపేట, కొత్తకోట, ఇన్ని మగ్గాల ఊర్లు మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరుల్ల ఉన్నయ్. మనం వాటిని పట్టు చీరలు, ఇకత్ చీరలు అనే చూస్తం గని అదే మగ్గం మీద దుప్పట్లు, తువ్వాళ్ళు, కర్టెన్ గుడ్డ కూడ వస్తయి కదా, ఎయిమ్స్ దవాఖానకు, నవోదయ హాస్టల్‌కు కావాల్సింది అదే కదా. బతుకమ్మ చీరల ఆర్డర్ తోటి సిరిసిల్ల మరమగ్గాలకు ఎంత పని దొరికిందో అందరం చూసినం. స్కూల్ పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చిండ్రు. సర్కారు కొనుగోలు ఒక ఊరును నిలబెడ్తది అనడానికి ఇంకేం సాక్ష్యం కావాలె.

ఇప్పుడు జెమ్‌ల చేరినంక ఏం అయితది అనేది చెప్త, ఎందుకంటె చేరి ఊకున్నోళ్ళు కూడ శానా మంది ఉన్నరు, "చేరినం, ఏం రాలే" అంటరు. చేరుడు ఉచితమే. చేరినంక మన వస్తువు కేటలాగ్‌ల పెట్టాలె, ఫోటోలు, కొలతలు, రేకు మందం, రేటు, అన్నీ. చిన్న మొత్తానికి అయితే ఆఫీసర్ నేరుగ కొనొచ్చు, కొంచెం పెద్దది అయితే కనీసం మూడు తయారీదారుల సరుకు పోల్చి తక్కువ రేటుది కొంటరు, ఇంకా పెద్దది అయితే బిడ్, అంటే ఆన్‌లైన్ టెండర్, పెడ్తరు, కొన్నిసార్లు బిడ్ తర్వాత రివర్స్ ఆక్షన్ ఉంటది, అంటే ఒకరి మీద ఒకరు రేటు తగ్గించుకుంట పోవుడు. అది మొదలయ్యే ముందే మన ఆఖరు రేటు ఎంతనో కాగితం మీద రాసి పెట్టుకోవాలె, ఇనుము రేటు, పౌడర్ కోటింగ్, కూలీ, జీఎస్టీ, బండి కిరాయి, దించే హమాలీ అన్నీ కలిపి, ఎందుకంటె మనం వేసే రేటు సరుకు వాళ్ళ రూముల దించేదాక ఉండే రేటు. ఆక్షన్ల ఊపుల తగ్గించుకుంట పోయి ఆర్డర్ తెచ్చుకొని సగంల వదిలేస్తే బ్లాక్ లిస్టుల పెడ్తరు, అది మనకు మచ్చ. 10 లక్షల లోపు ఆర్డర్లకు 2024 ఆగస్టు నుంచి జెమ్ ట్రాన్సాక్షన్ ఛార్జి లేదు, కాబట్టి చిన్న ఆర్డర్లతోటి మొదలు పెట్టుడే మంచిది, రెండు మూడు చేస్తే అనుభవం సర్టిఫికెట్ కూడ చేతికి వస్తది.

బిడ్ చదివేటప్పుడు పైన ఉన్న రెండు పేజీలు చూసి వదిలెయ్యొద్దు. కింద ఏటీసీ అని కొనేటాయన అదనంగ పెట్టిన షరతులు ఉంటయ్, ప్రాణం అంతా అక్కడనే ఉంటది. మూడేండ్ల టర్నోవర్ ఇంత ఉండాలె, ఇసొంటి సరుకు ఇంత మందికి ఇచ్చి ఉండాలె, ఫలానా టెస్ట్ రిపోర్ట్ కావాలె, సరుకు నమూనా ఫలానా తారీఖు లోపల ఇయ్యాలె అని. చిన్న పరిశ్రమలకు టర్నోవర్, అనుభవం కాడ సడలింపు ఇచ్చే వీలు ఉంది, నాణ్యత తగ్గొద్దు అనే షరతు మీద, గని ఆ బిడ్‌ల సడలింపు అవును అని ఉందా కాదు అని ఉందా చూడాలె. టెక్నికల్ బిడ్ల, అంటే రేటు కాకుంట అర్హత కాగితాలు పెట్టే భాగంల, ఒక్క కాగితం తక్కువైనా రేటు కవర్ తెరవనే తెరవరు. మన రేటు అందరి కంటె తక్కువ ఉన్నా సరే, ఎవరికీ తెల్వకుంటనే పోతది. తీసేస్తే కారణం పోర్టల్ల చూపిస్తరు, దాని మీద అభ్యంతరం పెట్టడానికి గడువు తక్కువ ఉంటది, అందుకే బిడ్ వేసినంక ఊకె మెయిల్ చూసుకుంట ఉండాలె. ఆర్డర్ వచ్చినంక పర్ఫార్మెన్స్ గ్యారంటీ, అంటే ఒప్పుకున్నట్టు సరుకు ఇస్తం అనే హామీ, బ్యాంకు గ్యారంటీ రూపంల అడుగుతరు, ఈఎండీ మాఫీ ఉన్నోళ్ళు ఇది కూడ మాఫీ అనుకుంటరు, కాదు, ఇది కట్టాల్సిందే. బ్యాంకు మేనేజర్ తోటి ముందుగాల్నే మాట్లాడి పెట్టుకోవాలె, ఆర్డర్ వచ్చినంక ఉరుకుతే గడువు దాటిపోతది.

పైసల సంగతి. జెమ్‌ల సరుకు అందినంక తీసుకున్నాయన 10 రోజుల్ల చూసి ఒప్పుకున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలె, అది అయినంక 10 రోజుల్ల పైసలు వేయాలె. రూల్ ఇది. నడిచేది వేరే ఉంటది, అది అందరికీ తెలిసిందే. ఆలస్యమైతే మన చేతిల ఉన్నది ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్. ఒప్పందం ఏమున్నా 45 రోజుల లోపల కట్టాలె, ఒప్పందం లేకుంటె 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది కేంద్రానికే అని లేదు, రాష్ట్ర సంస్థ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా వర్తిస్తది, మాకు పని అప్పజెప్పి పైసలు ఆపే ఆ మధ్య సప్లయర్‌కు కూడ వర్తిస్తది! దీని కోసం 2017 అక్టోబర్‌ల సమాధాన్ అని పోర్టల్ పెట్టిండ్రు, ఆన్‌లైన్ల ఫిర్యాదు పెడితే రాష్ట్రంల ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్ కాడికి పోతది, వాళ్ళు ముందు రాజీకి చూస్తరు, కుదరకుంటె ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి విచారణ, నడిపి తీర్పు ఇస్తరు. ఆ తీర్పు మీద కోర్టుకు పోవాలంటె కొన్నాయన అందుల 75 శాతం సొమ్ము ముందు డిపాజిట్ చేయాలె. ఇంత బలమైన హక్కు మనకు ఇచ్చిండ్రు. ఒక్కటే చూసుకోవాలె, ఆర్డర్ ఒప్పుకునే రోజుకే ఉద్యం రిజిస్ట్రేషన్ చేతిల ఉండాలె, తర్వాత తీసుకొని పాత బిల్లులకు అడుగుడు కోర్టుల నిలబడుడు కష్టం.

గని ఎవరు పెడ్తరు సార్ ఫిర్యాదు? ఫిర్యాదు పెట్టినోనికి మళ్ళ పని ఇయ్యరు అనే భయం ఉంది, అది ఉత్త భయం కాదు, నిజమే. ఒక్కొక్కడు పెడితే అట్లనే అయితది. అందుకే నల్లగొండ, మహబూబ్‌నగర్ పారిశ్రామిక వాడల సంఘాలు, దండుమల్కాపురం పార్కు వాళ్ళు, సంఘం తరఫున నిలబడాలె అని అడుగుతున్న, ఇది ఒక్క షెడ్డాయన మోసే బరువు కాదు.

ఇంకొక దిక్కు ఆఫీసర్ల మాట కూడ చెప్పాలె. నాకు తెలిసిన ఆఫీసర్లు కొందరు చిన్నోళ్ళకు ఇయ్యాలనే చూస్తరు, గని రేపు సరుకు సక్కగ లేకుంటె ఆడిట్ వాళ్ళు తననే అడుగుతరు అని పాత సప్లయర్ కాడికే పోతరు. అది అర్థం చేసుకోవచ్చు. అర్థం చేసుకోలేనిది ఏందంటె కొలతలు, రంగు, డిజైన్ అంతా ఒక కంపెనీ కేటలాగ్ చూసి ఎక్కించి రాసినట్టు పెట్టుడు, పెద్ద ఆర్డర్‌ను ముక్కలు ముక్కలు చేసి టెండర్ లేకుంట కొనుడు. పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి ఆర్డర్ ముక్కలు చేయొద్దని జీఎఫ్ఆర్‌లనే ఉంది. స్పెసిఫికేషన్లు ఎక్కువ మంది పోటీ పడే తీరుగ ఉండాలని కూడ ఉంది. అనుమానం ఉంటె సమాచార హక్కు చట్టం కింద అడుగొచ్చు, ఎంత మంది టెండర్ వేసిండ్రు, ఎవరిని ఎందుకు తీసేసిండ్రు, ఆఖరు రేటు ఎంత అని.

ఇగ నేను మీ కాడికి ఎందుకు వచ్చిన అంటె. కేంద్రం వాళ్ళ వెండర్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాములు, అంటే కొనేటోళ్ళను, చేసేటోళ్ళను ఒక్క కాడ కూసోబెట్టి మాట్లాడిపిచ్చే మీటింగులు, మా చెవికి వచ్చినవి ఎక్కువ హైదరాబాద్‌లనే, పెద్ద హాల్ల, ఇంగ్లీషుల. దేవరకొండల వెల్డింగ్ చేసేటాయన, మక్తల్ల కుట్టు మిషన్లు పెట్టుకున్న అక్క పని బంద్ చేసుకొని అక్కడికి రారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లా పరిశ్రమల కేంద్రాల వాళ్ళు మూడు నెలలకు ఒక్కసారి అయినా అవే మీటింగులు ఇక్కడ, తెలుగుల పెట్టాలె, ఉద్యం కోడ్ సరి చేసే టేబుల్ ఒకటి, జెమ్‌ల కేటలాగ్ పెట్టిచ్చే టేబుల్ ఒకటి వేసి. పక్క జిల్లా నవోదయ ప్రిన్సిపాల్‌నో, ఎయిమ్స్ స్టోర్స్ ఆఫీసర్‌నో పిలిచి ఈ ఏడాది మాకు ఇవి కావాలె అని చెప్పిస్తే ఇంకా మంచిది.

మీ పేపర్ల అయితే వారానికి ఒక్క రోజు సగం పేజీ ఇయ్యుండ్రి అని అడుగుతున్న. క్రికెట్ కు రోజూ పేజీ ఉన్నది, బంగారం రేటు రోజూ ఉంటది. ఆ సగం పేజీల ఒక వారం ఈఎండీ అంటే ఏందో, ఒక వారం బ్యాంకు గ్యారంటీ ఎట్ల తీసుకోవాల్నో, ఒక వారం టెక్నికల్ బిడ్ల ఏ కాగితాలు పోతే తీసేస్తరో, తెలుగుల, మామూలు మాటల్ల రాయుండ్రి. 2012 ఆర్డర్‌లనే ఇంకొకటి ఉన్నది, కేంద్ర శాఖలు, కంపెనీలు చిన్న పరిశ్రమల కాడ ఏడాదికి ఏం కొంటరో ముందే ప్లాన్ చేసి వాళ్ళ వెబ్‌సైట్ల పెట్టాలె అని. మన జిల్లాలల్ల పని నడుస్తున్న కేంద్ర కంపెనీలు ఆ ప్లాన్ పెట్టినయా లేదా మీ రిపోర్టర్లు అడగాలె, పెట్టినోళ్ళది తెలుగుల ఆ టెండర్ నోటీసుల పక్కన వేయుండ్రి, పెట్టనోళ్ళ పేరు కూడ వేయుండ్రి. ఆ పేజీకి కావాల్సిన టెండర్ పత్రాలు, తీసేసిన కారణాల కాపీలు మా కాడ, మా తోటి షెడ్ల కాడ ఉన్నయ్, మీ ఆఫీసుకు తెచ్చి ఇస్తం, ఏ రోజు రమ్మంటరో చెప్పుండ్రి.

ఇట్లు
ఒక స్టీల్ ఫర్నిచర్ తయారీదారు,
నల్లగొండ